బుగ్గల సారు చెప్పిన వాన

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, నాకు ఇరవై రెండేళ్లు, తీరని మెడనొప్పి, ఒక తాత్కాలిక ఉద్యోగం ఉండేవి. నారాయణఖేడ్ శివారులో, పై గాలి పోకడ కొలిచే చిన్న కేంద్రం మాది. పొద్దున్నే గ్యాసు నింపిన ఎర్ర బుగ్గను, అంటే బెలూన్‌ను, వదిలి, అది మబ్బులో మాయమయ్యేదాకా దుర్భిణిలో చూస్తూ అంకెలు రాసుకోవాలి. ఎంత త్వరగా మాయమైతే మబ్బు అంత కిందికి ఉన్నట్టు. నా విద్య అంతే. ఊరు మాత్రం నన్ను 'బుగ్గల సారు' అనేది. (పిల్లనిస్తామని వచ్చినవాళ్లు నేను జాతరలో బుగ్గలమ్ముతాననుకుని టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.)

కేంద్రం పక్క చేను పెద్దమ్మది. (చుట్టరికం లేదు, నేను కలుపుకున్న వరస.) ఒంటరి మనిషి. ఆ ఏడు వాన ముఖం చాటేసింది. ఓ పొద్దున బుగ్గ రెండు నిమిషాలకే కనబడకుండా పోయింది.

"ఏంది బిడ్డా, గింత జల్దీ మాయమాయె?"

"మొగులు కిందికి దిగింది పెద్దమ్మా. రేపో ఎల్లుండో దంచికొడ్తది. కందులు ఇత్తుకో."

"ఒక్కపారికే ఉన్నయి ఇత్తులు. నిజంగనా?"

"దుర్భిణిల జూసి చెప్తున్న గద!"

వాన సంగతి దుర్భిణికేం తెలుసు! సారూ అని పిలిచే ఊళ్లో తెలియదనడానికి నాకు నామోషీ, అంతే. ఆమె ఆ రోజే విత్తింది. మర్నాటికి మబ్బులన్నీ కర్ణాటక వైపు వెళ్లిపోయాయి. తర్వాత ఇరవై రోజులు ఆకాశం అద్దంలా ఉండి, బుగ్గ చివరిదాకా కనబడి, నా అంకెలు ఎంత చక్కగా వచ్చాయంటే పై ఆఫీసరు శభాష్ అన్నాడు. పెద్దమ్మ గింజలు మట్టిలోనే మాడిపోయాయి. నెల తర్వాత వాన పడితే అందరూ విత్తుకున్నారు. ఎవరి విత్తనం వాళ్లకే చాలలేదు. ఆమె చేను ఒక్కటే బీడుగా మిగిలింది.

దసరా దాటాక బస్సు డిపోలో మూటతో కనబడింది, చెరుకు కొట్టడానికి పోతూ. నేను బస్సు వెనక నక్కాను. (దాక్కునేవాడు కాళ్లు కూడా దాచుకోవాలని అప్పటికి తెలియదు.)

"ఇటు రా బిడ్డా. మొగులు నన్ను సుత మస్తుసార్లు మోసం జేసింది. నువ్వు పరేషాన్ గాకు."

తిట్టినా బాగుండేది. ఆమె తిరిగి రాకముందే నన్ను వేరే ఊరికి పంపారు. మళ్లీ చూడలేదు.

ఇప్పుడు మనవరాలు గొడుగు పట్టుకెళ్లాలా అని అడిగితే "తెలియదమ్మా" అంటాను. "అన్నేళ్లు మబ్బులు చూసి తెలియదా తాతా!" అని పకపకా నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఇంత తేలికైన మాట, ఆ పొద్దున నోట్లోంచి వచ్చి ఉంటే పెద్దమ్మ చేను పండేది.