సున్న చుట్టని పేరు

సారు పోయారన్న కబురు మాకు ఆదివారం మధ్యాహ్నం తెలిసింది, అదీ ఆయన కోసమే బెంచీలు సర్దుతున్నప్పుడు. లింగాల ఘనపూర్ గ్రంథాలయంలో పుస్తకాలు చూసుకునేదాన్ని నేను. బోర్డు తుడిచి సుద్దముక్క వెతుకుతుంటే సారు కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, ఇయ్యాల ముచ్చట లేదని అందరికి చెప్పున్రి. బాపు పోయిండు" అన్నాడు. ముచ్చట అంటే మా గ్రంథాలయంలో సారు పెట్టే సభ. ఊళ్ల చరిత్రలు, ఇళ్ల వంశాలు అందులో చెప్పుకునేవాళ్లం. తండ్రి శవం పక్కన కూర్చుని కూడా కొడుక్కి ఆ సంగతి గుర్తుందంటే, ఆ ఇంట్లో ఆదివారం ఎంత పెద్ద విషయమో మీరే ఊహించుకోండి.

ఆయన లెక్కల సారు. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక మా మీద పడ్డారు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. పేపరు చదువుకుందామని వచ్చిన వాళ్లను పట్టుకుని "మీ తాత పేరేంది? ఆయన తాత పేరేంది?" అని ప్రాణాలు తోడేవారు. తెలియదంటే వదిలేవారు కాదు. "సినిమా హీరో తాత పేరు ఎరికె గని నీ తాత పేరు ఎరికలేదా?" అని దెప్పేవారు. చాయ్ గ్లాసులు నా రిజిస్టర్ల మీదే పెట్టేవారు. అయినా రెండు నెలలు తిరగకుండానే ఆదివారం వస్తోందంటే నాకే హుషారు పుట్టడం మొదలైంది.

ఆయన పద్ధతి చెబుతాను. ఒక్కో ఇంటి వంశాన్ని బోర్డు మీద పైనుంచి కిందికి రాసేవారు. బతికున్న వాళ్ల పేర్లు అలాగే వదిలేసేవారు. పోయినవాళ్ల పేరు చుట్టూ సున్న చుట్టేవారు. ఎవరు ఎప్పుడు పోయారో ఇంటివాళ్లకే తెలియకపోతే పేర్లను బట్టి తేల్చేవారు. పెద్దవాళ్లు పోయాక పుట్టిన పిల్లలకు వాళ్ల పేరు పెట్టుకుంటాం కదా. "మీ ఇంట్ల గీ పేరు మల్ల ఎప్పుడు పుట్టింది?" అని అడిగేవారు. ఆ పిల్లవాడి వయసు దొరికితే తాత పోయిన కాలం దొరికేది.

"పేరు ఊకె ఉండది బిడ్డా. మనిషి పోంగనే ఇంకో మనిషిని దేవులాడుకుంటది" అనేవారు. నా పేరు ఎవరిదో కూడా ఆయనే తేల్చారు. పోరాటం రోజుల్లో ఊరి మీద పోలీసులు పడితే పరుగెత్తి, చేన్లలో తలదాచుకుని, జ్వరంతో పోయిన మా నాయనమ్మ చెల్లెలిదట. పెళ్లీడు కూడా రాలేదట. అప్పటి నుంచి ఎవరైనా నన్ను వెనుక నుంచి పిలిస్తే, ఆ పిలుపు నాకేనా అని ఒక్క క్షణం ఆగుతాను. నా పేరును నాకు పూర్తిగా ఇచ్చింది ఆయనే. అందుకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

జనగామ చుట్టుపక్కల ఏ ఇంటి వంశం రాసినా సాయుధ పోరాటం కాలం దగ్గరికి రాగానే సుద్దముక్క నెమ్మదించేది. ఎవరో ఒకరు అడవికి పోయి ఉంటారు. సారు ఇంట్లో అలా అడవికి వెళ్లింది ఆయన నాన్న. పేరు సోమాచారి, వడ్రంగి. దళాల తుపాకులకు మడమలు చెక్కి ఇచ్చేవాడట. ఆ సంగతి బయటపడటంతో కర్ర చెక్కే బాడిశ ఒక్కటి నడుముకు దోపుకుని గూడూరు అడవి వైపు వెళ్లిపోయాడు. సారు అప్పటికి చంటిపిల్లవాడు. తండ్రి ఉన్నాడన్న కబురూ రాలేదు, పోయాడన్న కబురూ రాలేదు.

సారు తల్లి చివరిదాకా బొట్టూ గాజులూ తీయలేదు. పెత్రమాసకు అందరూ చనిపోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తే, ఆమె అత్తామామల పేరు చెప్పి ఊరుకునేది. మనవడు పుట్టినప్పుడు తాత పేరు పెడదామన్నందుకు "మనిషి ఉండంగ పేరెట్ల పంచుతవురా?" అని కొడుకుతో కొట్లాడి, అన్నం తినకుండా పడుకుందట. ఆమె పోయాక సారు కూడా ఆ బియ్యం ఇవ్వలేదు. తన వంశం బోర్డు మీద రాసిన ప్రతిసారీ తాతకు సున్న, తల్లికి సున్న, మధ్యలో తండ్రి పేరు ఒట్టిగా ఉండేది. లెక్క ప్రకారం నూరేళ్లకు దగ్గరపడ్డ మనిషి. మా కళ్లు అక్కడికి పోయేవి, మళ్లీ దించుకునేవాళ్లం.

ఒక ఆదివారం, మా పశువుల దవాఖానలో పనిచేసే అతను తన తండ్రిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లది కొత్తగూడ దగ్గర కోయగూడెం. సారు అలవాటుగా "నీ పేరేందే అన్నా?" అని అడిగారు.

"సోమాచారి" అన్నాడు ముసలాయన.

సారు తప్ప గదంతా గొల్లున నవ్వింది. చారి అన్న పేరు మా వైపు వడ్లోళ్లు అనే వడ్రంగుల, కమ్మరుల, కంసాలుల ఇళ్లలోనే వినిపిస్తుంది. కోయవాళ్లలో ఎవరమూ వినలేదు. ముసలాయన కూడా మాతో పాటు నవ్వాడు. "బడిల పంతులు గూడ గిట్లనే నవ్విండు. అది కులపోళ్ల తోక అని మా బాపుకేం తెలుసు? ఆయన ఎట్ల చెప్పిండో గట్లనే పెట్టిండు."

"ఎవలు చెప్పిన్రు?" సారు కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నారు.

"ఒక వడ్లాయన. పోలీసోళ్లు కాలిస్తే తొడల గుండు తాకి మా గూడెం కాడ పడ్డడట. మా అవ్వ నీళ్లు తాపింది. పొద్దుగూకక ముందే పాణం ఇడిసిండు. వాగొడ్డున బొందవెట్టిన్రు. ఏ ఊరో చెప్పలే, పేరొక్కటే చెప్పిండు. ఆయన ఇంట్ల పిల్లలున్నరో లేరో, పేరు ఆగమైతదని ఎనుక పుట్టిన నాకు పెట్టిన్రు. ఆయన బాడిశతోనే ఇప్పటికి నాగండ్లు చెక్కుకుంటం."

సారు పద్ధతి ప్రకారం ఇక తేల్చడానికి ఏమీ మిగల్లేదు. పేరు మళ్లీ పుట్టింది, కాకపోతే వేరే ఇంట్లో. ఆయన లేచి బోర్డు దాకా వెళ్లి తండ్రి పేరు రాశారు. సున్న కోసం చెయ్యెత్తారు. ఎత్తిన చెయ్యి అలాగే కాసేపు ఉండి కిందికి దిగింది. "ఇయ్యాల్టికి సాలు" అని సుద్దముక్క నా చేతిలో పెట్టారు. అది తడిసి ఉంది.

తర్వాత ఆ ముసలాయన మా ఊళ్లో ఉన్న తన కొడుకు దగ్గరికి వచ్చినప్పుడల్లా ముచ్చటకు వచ్చేవాడు. సారు అవసరం ఉన్నా లేకపోయినా ఆయన్ని పిలిచేవారు. "సోమాచారీ, జర గా కిటికి తెరువు." "సోమాచారీ, చాయ్ తాగినవా?" పిలిచిన ప్రతిసారీ ఆయన "ఆ, అస్తున్న" అని లేచేవాడు. ఆ జవాబు వినడానికే సారు పిలుస్తున్నారని నాకు అర్థమై భయమేసేది, ఏడుపూ వచ్చేది. ఆ ఏడు పెత్రమాస ముందర ఉండబట్టలేక "సార్, ఈసారన్న బియ్యమిస్తరా?" అని అడిగేశాను.

"మా అవ్వ బతుకంత ఎదురుచూసింది బిడ్డా. నేనిస్తే ఆమె చూసిందంత ఆగమైతది. నాతోని కాదు. నా ఎనుక మావోడు ఏం జేస్తడో వాని ఇష్టం."

సారు పెద్దకర్మ వాళ్ల పొలంలో, బోరు దగ్గర జరిగింది. ముచ్చటకు వచ్చేవాళ్లంతా వెళ్లాం. గూడెం ముసలాయన కూడా కొడుకుతో వచ్చి మా అందరి వెనుక గట్టు మీద కూర్చున్నాడు. సారు కొడుకు పిండాలు పట్టుకున్నాడు. తండ్రి పేరు చెప్పాడు. అయ్యవారు "తాత పేరు?" అన్నారు.

అతను తలెత్తి నా వైపు చూశాడు. ఆ ఇంట్లో ఆ పేరు పక్కన చావు మాట ఎవరూ ఎన్నడూ ఎత్తలేదు. చెబితే నాయనమ్మ మాట దాటినట్టు. చెప్పకపోతే ఆ మనిషికి ఇక ఎవరూ ఉండరు. సారు కొడుకు నోట్లోనే ఏదో గొణిగాడు.

"గట్టిగ చెప్పు నాయినా, ఇనరాలే" అన్నారు అయ్యవారు.

"సోమాచారి!"

"ఆ, అస్తున్న."

గట్టు మీది ముసలాయన అలవాటుగా లేచాడు. మేం జరిగి దారిచ్చాం. ఆయన తువ్వాల సర్దుకుంటూ మా మధ్య నుంచి నడిచి వచ్చి, తడి నేల అంచున ఆగాడు. ఎవరూ నవ్వలేదు. సారు కొడుకు ఆయన ముఖంలోకి చూస్తూ, చూపు తిప్పకుండానే, తాత పేరిట ముద్దను నేల మీద పెట్టాడు.

"పిలిచిన్రా బిడ్డా?" అని అడిగాడు ముసలాయన.