పాలు పట్టని గుడ్డ

ఆ రోజు పొద్దుటి నుంచి ముసురు. కలంకారీ బొమ్మలకని పాలు పట్టిన గుడ్డకు ఎండ తగలకపోతే వాసన పడుతుంది. పది గజాలు వసారాలో దండేల మీద పరిచి, కింద బొగ్గుల కుంపటి పెట్టుకొని కూర్చున్నాను. తొమ్మిదిన్నరకు తిరుపతి నుంచి మా బావ కూతురు ఫోన్ చేసింది.

"మామా, నాయన పోయినాడు" అంది. ఏడవలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెస్తున్నామని చెప్పింది. గుడ్డ తడిగా ఉందంటే, ఆరినాకే బయలుదేరమంది. ఈ పని తెలిసిన ఇంట పుట్టిన పిల్లకు తడిగుడ్డ సంగతి తెలుసు.

మా బావ చాలామందికి నవల రాసిన మనిషిగా తెలుసు. అది సినిమా అయ్యాక ఇంకా చాలామందికి తెలిశాడు. మా శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసుకొని బతికే ఒక తల్లి, ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. కొడుకు బొమ్మలు వేస్తాడు, తల్లి ఏట్లో గుడ్డలు ఉతుకుతుంది. చివరికి తల్లి పోతుంది. కథ అంతే. ఆ తల్లి మా అమ్మ. మా బావకు అత్త. బావకు ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ, అంటే మా మేనత్త, చనిపోతే మా అమ్మ తెచ్చుకొని నాతో పాటు పెంచింది. నాకన్నా రెండేళ్ళు పెద్ద. సినిమాలో అతను ఆమెను అమ్మా అని పిలుస్తాడు. నేను లేను.

చిన్నప్పుడు మా అమ్మ ఇద్దరికీ ఒకే సైజు సంగటి ముద్దలు పెట్టేది. పులుసు పోయడానికి ముద్ద నడుమ చేత్తో గుంత చేసేది. అతని ముద్దలో గుంత పెద్దదని నేను గొడవ చేసేవాణ్ణి. బావ ఏమీ అనకుండా కంచాలు మార్చేవాడు. మార్చినాక చూస్తే ఇప్పుడు అతని ముందున్నదే పెద్దదిగా కనిపించేది.

ఇద్దరం ఒకే అయ్యవారి దగ్గర పని నేర్చుకున్నాం. అతను ఏ బొమ్మకైనా కళ్ళు చివర్న వేసేవాడు. వేసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. పని అయిపోయాక వెదురు కలం చెవి మీద పెట్టుకొని మరిచిపోయి, అలాగే అంగడికి పోయేవాడు. పెద్దయ్యాక చేయి వణకడం మొదలైంది. బొమ్మలు మానుకొని తిరుపతిలో కాపురం పెట్టి, రాయడం పట్టుకున్నాడు. గీత వంకరైతే అందరికీ కనబడుతుందని, అక్షరం వంకరైతే చదివేవాళ్ళు సర్దుకుంటారని అనేవాడు.

సినిమా మా ఊళ్ళో ఆడినన్నాళ్ళలో మూడు మధ్యాహ్నాలు హాలు దగ్గరికి పోయాను. ఒక్కసారే లోపల కూర్చున్నాను. మిగతా రెండుసార్లు ఆట విడిచే వేళకు పోయి సైకిల్ స్టాండు పక్కన నిలబడ్డాను. ఎవరైనా బాగాలేదంటే విందామని. ఒకావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, ఇట్లాంటి కొడుకు ఒక్కడుంటే చాలునని పక్కామెతో అనింది. కాలేజీ పిల్లలిద్దరు సాగదీసినారని అన్నారు. నాకు కాస్త హాయి అనిపించింది. అంతలోనే వాళ్ళలో ఒకడు ఆ తల్లిని చూస్తే మా అవ్వే గుర్తొచ్చిందని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నాకు కావలసిన మాట చివరికి రంగులమ్మే సాయిబు నోట వచ్చింది. మా అమ్మను బాగా ఎరిగిన మనిషి. నన్ను చూసి ఆగినాడు.

"అంతా బాగా సూపించినారు గానీ అబ్బా, పాలు పట్టేది సూపించలేదేం?"

అది నిజం. మా పనిలో గుడ్డను కరక్కాయ పొడి కలిపిన చిక్కటి గేదె పాలలో నానబెట్టి, పిండి ఆరబెట్టినాకే గీత గీస్తాం. పాల జిడ్డు లేకపోతే నల్లరంగు గుడ్డలోకి పాకి బొమ్మ చెదిరిపోతుంది. సినిమాలో కొట్టు నుంచి తెచ్చిన గుడ్డ మీద నేరుగా కలం పెట్టేశారు. పనివాళ్ళందరూ ఆ తప్పు పట్టుకున్నారు. నేను అంతటితో ఆగలేదు. ఫోనులో ఆ సినిమా మీద జనం తమ అభిప్రాయాలు రాస్తున్న చోట, పేరు మార్చుకొని, ఒక్క వేలితో కొట్టి పెట్టాను: పాలు పట్టడం కూడా తెలియనివాడు రాసిన కథ ఇది, వీడు ఎన్నడూ కలం పట్టి ఉండడు. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

నెల దాటినాక తిరుపతిలో గుడ్డలు ఇచ్చే పని ఉండి, అలిపిరి దారిలో ఉన్న వాళ్ళింటికి పోయాను. బావ వరండాలో కూర్చుని ఉన్నాడు. కూతురు ఫోను చూసి జనం రాసినవి చదువుతోంది. పొగిడినవి వస్తే చేయి ఊపి ముందుకు పొమ్మంటున్నాడు. తిట్టినవి రెండోసారి చదివించుకుంటున్నాడు. సినిమా చూసి ఏడ్చినవాళ్ళ మాట కంటే, బయటికొచ్చి టీ తాగినాక వాళ్ళు చెప్పే మాట వినాలని నాతో అన్నాడు. కూతురు కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

"ఒగాయన రాసినాడు, పాలు పట్టేది లేదని" అన్నాడు బావ. "మన పనోడే. పేరు మాత్రం వాళ్ళనాయన పెట్టింది కాదు."

నేను రోడ్డు వైపు చూస్తూ, సినిమావాళ్ళకు మన పని ఏం తెలుసు, నవల్లో ఉన్నది వాళ్ళే తీసేసి ఉంటారులే అన్నాను.

"నవల్లో కూడా లేదు" అన్నాడు. "సదవలేదా నువ్వు?"

చదవలేదు. పుస్తకం వచ్చిన వారానికే సంతకం చేసి పంపించాడు. బీరువాలో కట్టు విప్పకుండా ఉంది.

"పాల కాడికొస్తే నిన్ను రాయాల్సొస్తుంది అబ్బా. నిన్ను రాస్తే ఆ దినం రాయాల. నాకు సేత కాలేదు. పాలూ నిన్నూ రెండూ తీసేస్తి."

ఆ దినం ఏమిటో మా ఇద్దరికీ, మా అమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. నాకు పద్దెనిమిదేళ్ళు. అయ్యవారు ఒక గుడికి పెద్ద తెర ఒప్పుకొని, నడుమ దేవుని బొమ్మ బావకు ఇచ్చాడు. నాకు అంచులు ఇచ్చాడు. ఆ గుడ్డకు పాలు పట్టే పని మా అమ్మది. ఆమె పొయ్యి దగ్గరికి పోయినప్పుడు నేను పాలతొట్టిలో రెండు బిందెల నీళ్ళు పోశాను. నాలుగో రోజు బావ కలం పెట్టగానే దేవుని ముక్కు గీత చెంప దాకా పాకింది. అయ్యవారు కేకలేస్తే మా అమ్మ నా వైపు ఒక్కసారి చూసి, నేనే కొలత తప్పినా సామీ అనింది. బావ కూడా నా వైపు చూశాడు. ఇద్దరూ నా పేరెత్తలేదు. ఆ తర్వాత ఎవరూ ఆమెకు పాలు పట్టే పని ఇవ్వలేదు. పోయేదాకా ఏట్లో గుడ్డలు ఉతికింది. సినిమాలో జనం కళ్ళనీళ్ళు పెట్టుకునేది ఆమె ఏట్లో ఉతుకుతుండగానే.

ఆ రోజు కాఫీ తాగి వచ్చేశాను. క్షమించమని అడగలేదు. బావ కూడా అడిగించుకునే మనిషి కాదు. బస్టాండు దాకా వచ్చి, సాయిబు ఎట్లుండాడు, ఈ ఏడు ఎర్రరంగుకు మంజిష్ట వేరు బాగుండాదా అని అడిగాడు. ఇంటికొచ్చి పుస్తకం కట్టు విప్పి చదివాను. బాగా రాశాడు. ఆ మాట కూడా అతనికి చెప్పలేదు. చెప్పి ఉంటే రెండోసారి చెప్పించుకునేవాడు కాదు, చేయి ఊపేవాడు.

గుడ్డ ఆరేసరికి పదకొండు దాటింది. నేను పోయేసరికి వరండా నిండా చెప్పులు. ఆ వీధిలో సినిమా చూసినవాళ్ళందరూ వచ్చినట్టున్నారు. తల్లి దగ్గరికే పోయినాడులే అని ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. నేను పోయి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఒక పెద్దామె నన్ను చూసి, ఈయన ఏమవుతాడని బావ కూతురిని అడిగింది.

"మా నాయనకు బామ్మర్ది. ఇద్దురూ ఒగే ఇంట్లో పెరిగినారు. మా అవ్వకు సొంత కొడుకు" అంది ఆ పిల్ల.

పెద్దామె నన్ను కాసేపు చూసింది. "సినిమాలో లేరే" అనింది.

"లేనమ్మా" అన్నాను. "నేను సేసిన పనికి నన్ను తీసేసినాడు."

ఆమె రెండింటికి వెళ్ళిపోయింది. సాయిబు అంగడి మూసి కాళహస్తి నుంచి మూడింటికి వచ్చాడు. మూడున్నరకు ఎత్తారు. స్నానాలయ్యాక, ఆరున్నర బస్సుకు సాయిబూ నేనూ బయలుదేరాం.