మామ కొన్న జంట లెన్సులు

ఆ రోజుల్లో ఫోటో చెడిపోతే నింద వేయడానికి మాకు బోలెడు జాగాలుండేవి. ఫిలిం రోలు పాతదనవచ్చు, ల్యాబువాడు సరిగా కడగలేదనవచ్చు, పెళ్లికూతురే కదిలిందని కూడా అనవచ్చు (పాపం, ఆమె వంచిన తల ఎత్తిందే లేదు). డిజిటల్ కెమెరా వచ్చాక ఆ సుఖం పోయింది. తీసిన మరుక్షణం వెనక తెర మీద బొమ్మ పడుతుంది, ఒక బటన్ నొక్కితే కన్ను ఒక్కటే తెరంతా నిండుతుంది, అది మసగ్గా ఉంటే తీసినవాడు తప్ప ఇంకొకడు దొరకడు. నాకు మాత్రం ఇంకొకడు దొరికాడు. నేనే వెతికి మరీ పట్టుకున్నాను.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. రెండువేల పది ఇంకా రాలేదు. మదనపల్లెలో మా మేనమామ స్టూడియోలో పెళ్లిళ్లకు ఫోటోలు తీసేవాణ్ని. నాతోపాటు ఇంకో ఫోటోగ్రాఫరు ఉండేవాడు. రోజూ పుంగనూరు నుంచి బస్సులో వచ్చేవాడు కాబట్టి అందరం పుంగనూరప్ప అనేవాళ్లం. నాకన్నా మూడేళ్లు పెద్ద, మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. మాట్లాడని మనిషి మీద అనుమానం పెంచుకోవడం ఎంత సులువో నాకు అప్పుడే తెలిసొచ్చింది. మనం ఏమనుకున్నా అడ్డం చెప్పడు కదా.

ఆ ఏడు మామ బెంగళూరు వెళ్లి ఖరీదైన కెమెరా ఒకటి, దానికి లెన్సులు రెండు తెచ్చాడు. కెమెరా ఇద్దరికీ కలిపి ఒకటే, లెన్సులు మాత్రం చెరొకటి. ఒకరి లెన్సు మీద ఇంకొకరి వేలిముద్ర పడితే బూజు పడుతుందని మామ గట్టి నమ్మకం. పైగా మామ చిన్నప్పటి నుంచి పెద్ద కుటుంబంలో పెరిగినవాడు, పండగకు ఒక పిల్లోడికి ఒక రంగు, ఇంకొకడికి ఇంకో రంగు గుడ్డ తెస్తే ఇంట్లో ఏమవుతుందో ఎరిగినవాడు. అందుకే ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే ధర లెన్సులు రెండు తెచ్చి, నాదాని మీద ఎర్ర గోళ్ల రంగు చుక్క పెట్టి మా ముందర పెట్టాడు. "ఇద్దురికీ ఒగే రకం. రేపు నాకు మాట రాగూడదు," అన్నాడు. దాంతోపాటే ఇంకో మాట కూడా అన్నాడు. కుప్పంలో కొత్త స్టూడియో పెడతాడట, ఈ సీజనులో పని శుద్ధంగా చేసినవాడికి దాన్ని అప్పగిస్తాడట. నేను పుంగనూరప్ప ముఖం చూశాను. పుంగనూరప్ప లెన్సు మూత చూసుకుంటున్నాడు. నాకు అదే అనుమానంగా తోచింది.

మొదటి పెళ్లిలోనే నా పరువు పోయింది. పెళ్లికూతురి కళ్ల మీద గురిపెట్టి తీస్తే కళ్లు మసక, చెవి కమ్మలు మాత్రం రాళ్లు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చాయి. కెమెరాలు బాగుచేసే బెంగళూరు ఆయనకు ఫోన్ చేస్తే, కొన్ని లెన్సులు గురిపెట్టిన చోటికి కాస్త ముందో వెనకో ఫోకసు చేస్తాయనీ, కెమెరా మెనూలో ఒక నంబరు మార్చి దాన్ని సరిచేయవచ్చనీ, దానికి ఏటవాలుగా స్కేలు పెట్టి పరీక్ష చేసుకోవాలనీ చెప్పాడు. మా స్టూడియోలో ఉన్న స్కేలు మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. మదనపల్లెలో దేనికి కరువొచ్చినా టమోటాలకు రాదు. ఒక సైజువి పన్నెండు ఏరుకొచ్చి, స్కెచ్ పెన్నుతో నంబర్లు వేసి, మిద్దె మీద ఒక చెక్క పలక మీద ఒకటోది దగ్గరగా, పన్నెండోది దూరంగా ఉండేలా ఏటవాలుగా వరస పేర్చాను. ఆరో టమోటా మీద గురిపెట్టి తీస్తే ఎనిమిదోది స్పష్టంగా వచ్చింది. నంబరు మారుస్తూ, తీస్తూ, మారుస్తూ మైనస్ ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి ఆరోది తొడిమ మీది నూగుతో సహా తళతళలాడింది. మామ మిద్దెక్కి వచ్చి కాసేపు చూశాడు. "ఏమిరా, దీనికేమన్నా సంబంధం సూస్తాండావా?" అని అడిగి దిగిపోయాడు.

ఆ వారం నా ఫోటోలు అద్దంలా వచ్చాయి. మరుసటి వారం మళ్లీ చెడ్డాయి, ఈసారి మరీ ఘోరం. కళ్లూ లేవు, కమ్మలూ లేవు, వెనక నిలబడ్డ పెళ్లికూతురి మేనమామ మీసం స్పష్టంగా వచ్చింది. మెనూ తెరిచి చూస్తే నా మైనస్ ఎనిమిది స్థానంలో ప్లస్ ఏడు ఉంది. కెమెరా తాకేది ఇద్దరమే. నేను మార్చలేదు. ఇక లెక్క వేయడానికేముంది? కుప్పం స్టూడియో కోసం ఇంత పనికి దిగాడన్నమాట. అయినా నోరు విప్పలేదు, దొంగను ఆధారంతో పట్టుకోవాలి కదా. నంబరు వెనక్కి మార్చాను. రెండు రోజులకు మళ్లీ ప్లస్ ఏడు. మళ్లీ మార్చాను. మళ్లీ ప్లస్ ఏడు.

అప్పటి నుంచి నాకు పుంగనూరప్ప చేసే ప్రతి పనీ కుట్రలాగే కనిపించింది. నేను గదిలోకి వస్తే మెనూ మూసేవాడు (నేనూ అంతే, అది వేరే సంగతి). టీ తాగుదాం రమ్మంటే, నన్ను బయటికి పంపి కెమెరా పట్టుకోవాలని చూస్తున్నాడనుకుని వెళ్లలేదు. ఒక్కడే వెళ్లి నాకూ ఒక టీ తెస్తే, తప్పు చేసినవాడి మర్యాద ఇలాగే ఉంటుందనుకున్నాను, టీ మాత్రం తాగాను. ఒకరోజు బజారులో టమోటాలు ఏరుకుంటూ కనిపించాడు. కూరకు కొనేవాడు పండినవీ పచ్చివీ చూస్తాడు. ఇతను సైజులు చూస్తున్నాడు. నా పరీక్షను వెక్కిరించడానికే అనుకున్నాను తప్ప, అతనికీ పరీక్ష చేసుకునే అవసరం వచ్చి ఉంటుందని నా బుర్రకు తట్టలేదు. తట్టనిచ్చేది కూడా కాదేమో, అప్పటికి నాకు కోపం అంత ఇష్టంగా ఉండేది.

ఇంతలో కుప్పం పెళ్లి వచ్చింది. మామ స్టూడియో కోసం చూసిన గది ఎవరిదో, ఆ ఇంటాయన కూతురి పెళ్లే అది. ఆల్బం నచ్చితేనే గది ఇస్తానని ఆయన ముందే చెప్పేశాడు. సాయంత్రం రిసెప్షన్ పుంగనూరప్ప తీయాలి, మరునాడు పొద్దున ముహూర్తం నేను తీయాలి. అంటే రాత్రంతా కెమెరా అతని దగ్గరే ఉంటుంది. ప్రయాణానికి ముందురోజు ఇక ఆగలేక మామకు మొత్తం చెప్పేశాను. "నంబరు మారుస్తాండేది ఆయప్పే మామా. కుప్పం స్టూడియో కోసరమే ఇదంతా. నాకు ఏమాత్రం అనుమానం లేదు," అన్నాను. మామ నా వంక చాలాసేపు చూసి, "సరే, నేనూ కుప్పానికి వస్తాండాను," అన్నాడు. ఇక దొంగ దొరికినట్టేనని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

కుప్పంలో కల్యాణమండపానికి చేరేసరికి మధ్యాహ్నమైంది. మామ మమ్మల్నిద్దర్నీ వెనక వంటల పందిట్లోకి పిలిచి, వంటాయన గంపలోంచి పన్నెండు టమోటాలు తీసి బల్ల మీద పేర్చమన్నాడు. "రసానికి పెట్టినేటివి యాడికి ఎత్తకపోతారప్పా?" అని వంటాయన గరిటె పట్టుకుని వెంటే వచ్చి నిలబడ్డాడు. మామ కెమెరా తన చేతిలోకి తీసుకుని, "ఈరోజు దీన్ని నేను తప్ప ఎవురూ ముట్టుకోగూడదు," అని, నన్నడిగి తన వేలితోనే మైనస్ ఎనిమిది పెట్టాడు. నా లెన్సు తగిలించి ఆరోదాని మీద గురిపెట్టి తీస్తే ఆరోదే స్పష్టంగా వచ్చింది. నేను పుంగనూరప్ప వైపు గర్వంగా చూశాను. తర్వాత నా లెన్సు తీసి అతని లెన్సు తగిలించాడు. నంబరు ముట్టుకోలేదు. తీస్తే మూడోది స్పష్టంగా వచ్చింది. మెనూ తెరిచి చూపించాడు. మైనస్ ఎనిమిదే.

నాకు మెల్లగా అర్థమవుతోంది. నా లెన్సు వెనక్కి పోయే రకం, అతనిది ముందుకొచ్చే రకం. నంబరును కెమెరా గుర్తుపెట్టుకునేది లెన్సు రకాన్ని బట్టే తప్ప, ఇది ఫలానావాడి లెన్సు అని కాదు. రెండూ ఒకే రకం కాబట్టి దానికి రెండూ ఒకటే. నేను నాదానికి తగినట్టు మారిస్తే అతనిది చెడుతోంది, అతను తనదాన్ని బాగుచేసుకుంటే నాది చెడుతోంది. నెల రోజులుగా ఇద్దరమూ ఒకరి పనిని ఒకరం శ్రద్ధగా పాడుచేసుకుంటూ వచ్చాం. "మాట రాగూడదని ఒగే రకం తెస్తినే," అని మామ తల పట్టుకున్నాడు. "అయితే టమోటాలు ఇచ్చేస్తారా?" అన్నాడు వంటాయన.

నేను ఇబ్బందిగా నవ్వి, "మామా, ఆయప్ప కూడా నా మీద చెప్పే ఉంటాడు గదా," అన్నాను. అలా చెప్పి ఉంటే బాగుండుననే ఆశ అది. మామ నవ్వలేదు. "వచ్చినాడు. పది దినాలాయ. నంబరు ఎట్లనో మారతాండాది మామా, పిల్లోడు అట్లాంటోడు కాదు, కెమెరాలోనే ఏందో ఉండాది, ఒగసారి సూపిద్దాం అన్నాడు. నేనే సీజను అయినాక సూస్తాం లే అంటిని. నువ్వేమో పేరుతో సహా చెప్తివి." పుంగనూరప్ప టమోటాలు ఏరి గంపలో వేస్తున్నాడు. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. మన్నించమని అడగాల్సింది. వెళ్లి టమోటాలు ఏరడంలో సాయం చేశాను.

పెళ్లి బాగా జరిగింది. లెన్సు మార్చిన ప్రతిసారీ నంబరు మార్చుకున్నాం, అంతే, దానికి మించిన విద్య అక్కర్లేకపోయింది. ఆల్బం చూసి ఇంటాయన గది ఇచ్చాడు. మామ ఆ స్టూడియోను పుంగనూరప్పకే అప్పగించాడు. నా ఫోటోలు అతని ఫోటోలకు ఏమీ తీసిపోలేదు, ఆ మాట మామే ఒప్పుకున్నాడు. "పని ఇద్దురిదీ బాగుండాది. దూరంలో ఉండే కొట్టు, నమ్మకం మీద నడిచేది, దానికి వాడైతేనే సరి," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

కానీ నాకు బాగా గుర్తున్నది ఆ స్టూడియో చేజారడం కాదు, పెళ్లి అయిపోయాక బస్సులో తిరిగొచ్చిన మధ్యాహ్నం. మామ కుప్పంలోనే ఆగిపోయాడు. బైరెడ్డిపల్లె దాటేదాకా మేమిద్దరం కిటికీలోంచే చూస్తూ కూర్చున్నాం. ఆ తర్వాత పుంగనూరప్ప తన లెన్సు కూడా ఉన్న కెమెరా బ్యాగు ఎత్తి నా ఒడిలో పెట్టి, "రవ్వంత పట్టుకోప్పా, నిద్దర వస్తాండాది," అన్నాడు. గంగవరం వచ్చేసరికి తల నా భుజం మీద వాలిపోయింది. నోరు తెరుచుకుని, గురక పెట్టుకుంటూ, ఏ చింతా లేకుండా పడుకున్నాడు. నేను కదిలితే లేస్తాడేమోనని భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు. పుంగనూరులో లేపితే కళ్లు తుడుచుకుని, బ్యాగులోంచి తన లెన్సు తీసుకుని, దాని వైపు కూడా చూడకుండా సంచిలో వేసుకుని దిగిపోయాడు. ఇప్పుడు నా తల నెరుస్తోంది, నాకూ సొంత స్టూడియో ఉంది, ఆనాటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. అయినా ఏ బస్సులోనైనా పక్కవాడి చేతికి బ్యాగిచ్చి అంత నిశ్చింతగా నిద్రపోవడం నాకు ఈనాటికీ చేతకాలేదు.