బండరాయి మీద పెళ్ళిచూపులు

పెళ్ళిచూపుల్లో తడబడినవాళ్ళు లోకంలో కోకొల్లలు. కాఫీ ఒలకబోసుకున్నవాళ్ళున్నారు, కంగారులో పెళ్ళికూతురి తాతగారికి తన జీతం రెండుసార్లు చెప్పినవాళ్ళున్నారు. కానీ కాబోయే మామగారిని బండరాయి మీద నుంచి మోటారుసైకిలుతో సహా కిందికి లాక్కొచ్చిన పెళ్ళికొడుకుని నేనొక్కణ్ణే. కూర్చోండి, చెబుతాను. పోవలసిన పరువు అప్పుడే పోయింది కాబట్టి ఇప్పుడు కొత్తగా పోయేదేమీ లేదు.

ముందు మా నేల సంగతి చెప్పాలి. మాది కొత్తపేట దగ్గర. మాకు గుప్పెడు రాయి కావాలన్నా గోదావరి దాటి లారీలో రావలసిందే. చేను, కాలువ, కొబ్బరితోట, అన్నీ చాప పరిచినట్టు చదును. మా ఊరివాడు ఎక్కే పెద్ద ఎత్తల్లా ఏటిగట్టు. అదెక్కినప్పుడు కూడా కాస్త ఆయాసపడి, నడుం మీద చేతులు పెట్టుకుని నాలుగు వైపులా చూసి, ఏదో సాధించినట్టు దిగుతాడు. అలాంటి చోట పుట్టినవాణ్ణి, వెళ్ళి వెళ్ళి కొండలెక్కే మోటారుసైకిలు కొన్నాను. దాని మీద రోజూ అమలాపురం కాలేజీకి వెళ్ళి, ఫిజిక్సు పాఠం చెప్పి తిరిగొచ్చేవాణ్ణి. "మన గేదె కన్నా ఎత్తుగా ఉంది కదరా, ఎక్కడానికి పీట వెయ్యనా?" అని అమ్మ రోజూ అడిగేది.

అదే కాలేజీలో సునీత ఇంగ్లీషు చెప్పేది. నేను ఆమెను ఇష్టపడ్డాను, ఆమె నన్ను ఇష్టపడింది. రెండోది ఎలా జరిగిందో నాకిప్పటికీ తెలియదు. తేలవలసిందల్లా వాళ్ళ నాన్నగారి మాట. ముమ్మిడివరం రత్నాకరం మేష్టారంటే డ్రిల్లు మేష్టారుగా రిటైరైన మనిషి. రిటైరైనవాళ్ళు చర్చి కమిటీలో చేరడం మా వైపు మామూలే. ఈయన కమిటీలో చేరడంతో ఆగకుండా నాలాంటి బండే ఒకటి కొన్నారు. తీరికున్నప్పుడల్లా మారేడుమిల్లి వైపు వెళ్ళి, మేకలు కూడా ఆలోచించి ఎక్కే రాళ్ళ మీదికి ఆ బండి ఎక్కించి రావడం ఆయన సరదా. కూతురికి కూడా నేర్పారు. అల్లుడి విషయంలో ఆయన సిద్ధాంతం ఒక్కటే: మనిషి సంగతి చదును మీద తెలియదు, ఎత్తు ఎక్కేటప్పుడే తెలుస్తుంది.

ఓ సాయంత్రం ఆయన ఫోన్ చేశారు.

"మీకూ పెద్ద బండి ఉందటగా బాబూ?"

"ఆయ్, ఉందండి."

"రాళ్ళెక్కేరా ఎప్పుడైనా?"

ఇక్కడ మీరు నా మీద కాస్త దయ చూపాలి. మా వైపు పెద్దవాళ్ళు ఏదడిగినా నోట్లోంచి 'ఆయ్' దానంతట అదే వచ్చేస్తుంది. బుర్రకి కబురు తరవాత అందుతుంది. చంద్రమండలం వెళ్ళొచ్చేరా అని అడిగినా, మొన్ననే వచ్చేనండి అనేవాణ్ణి.

"ఆయ్, ఎక్కేనండి."

"అయితే శనివారం కొండ దగ్గరికి వచ్చెయ్యండి. అమ్మాయీ నేనూ ముందు రోజే వెళ్తాం. అక్కడే చూసుకుందాం."

అంటే పెళ్ళిచూపులన్నమాట. పకోడీలకి బదులు బండరాయి.

మా ఊళ్ళో రాయి లేదు కాబట్టి పీచు మిల్లు వెనక కొబ్బరి డొక్కల, అంటే ఒలిచి పారేసిన పీచు తొక్కల, గుట్ట మీద సాధన మొదలుపెట్టాను. సునీత ఫోన్లో పాఠం చెప్పేది. సీటు మీద కూర్చోకుండా నిలబడాలి, ఒళ్ళు ముందుకి వంచాలి, మొదటి గేరులోనే ఉండాలి, ఎక్సలేటరు ఒకే తీరుగా ఇవ్వాలి, అన్నిటికన్నా ముఖ్యం మధ్యలో ఆగకూడదు, ఆగితే వెనక్కే వస్తాం. ఓస్, ఇంతేనా అనుకున్నాను. డొక్కల మీద పడితే పరుపు మీద పడ్డట్టే ఉంటుంది గనక పడటం త్వరగానే వచ్చింది. ఎక్కడం కూడా కొంచెం వచ్చింది. మీసాల్లో పీచుతో ఇంటికొస్తే, "ఏరా, బండి నడుపుతున్నావా, తాళ్ళు పేనుతున్నావా?" అంది అమ్మ.

శనివారం చీకటితోనే బయల్దేరి, రాజమండ్రి దాటి అడవిలోకి వెళ్ళాను. సునీత బండ కింద నిలబడి ఉంది. తలెత్తి ఆ బండని చూశాను. నున్నగా మొదలై, మధ్యలో మెట్లు మెట్లుగా పగిలి, ఓ వంపు తిరిగి పైకి పోయింది. దీన్నేనా ఎక్కవలసింది అని అడిగితే, తను పొద్దున్నే ఎక్కి దిగానని చెప్పింది. జారినవాళ్ళకి చెయ్యందించడానికి వాళ్ళ నాన్నగారు వంపు దగ్గర నిలబడ్డారట. ఫోన్లో మాట్లాడటమే తప్ప ఆయన్ని నేనప్పటిదాకా చూడలేదు.

"ప్రసాద్ గారూ, ఏం జరిగినా ఆగకండి. మీరు ఎక్కలేకపోతే రేపు కాకినాడ సంబంధం వాళ్ళు నన్ను చూడ్డానికి వస్తారు."

 దాంతో నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. పళ్ళు బిగించి బండి స్టార్టు చేశాను. నమ్మండి, ఎక్కాను. మొదటి మెట్టు దాటాను, రెండోది దాటాను. ముందు చక్రం గాల్లోకి లేచి, నా మీద జాలిపడి మళ్ళీ కిందికి దిగింది. వంపు కూడా తిరిగాను. ఎదురుగా మేష్టారు, తెల్లమీసాలు, నెత్తిన టోపీ. పదండి పదండి అన్నట్టు చెయ్యి పైకి ఊపుతున్నారు.

సరిగ్గా అక్కడ నా పెంపకం అడ్డొచ్చింది. పెద్దవాళ్ళు ఎదురైతే బండి మీద నుంచే తల ఆడించి పోవడం మా ఇంట్లో తలవంపులు. బండి ఆపాలి, న్యూట్రల్ చెయ్యాలి, రెండు చేతులూ జోడించి వందనాలు చెప్పాలి, ఇంటిల్లిపాది క్షేమం అడగాలి. మొక్కై వంగనిది మానై వంగదంటారు. నన్ను మొక్కగా ఉన్నప్పుడే ఎంతగా వంచేశారంటే, మానయ్యాక నిలువు బండ మీద కూడా వంగిపోయాను. పిల్లనిచ్చే మనిషి పక్కనుంచి ఆయన మొహాన పొగ కొట్టుకుంటూ పోవడమా? బండి ఆపాను. మర్యాదగా న్యూట్రల్ చేశాను. రెండు చేతులూ హ్యాండిల్ మీంచి తీసి జోడించాను.

"వందనాలండీ మేష్టారూ. ఇంట్లో అమ్మగారు..."

బండి వెనక్కి బయల్దేరింది. వాలుతలం మీద పెట్టిన వస్తువు ఏమవుతుందో ఏటా పిల్లలకి బోర్డు మీద బొమ్మ వేసి చెబుతాను. నాకు ఆ పాఠం అర్థమైంది మాత్రం ఆ రోజే. కాలు ఆనిద్దామంటే కాలి కింద నేల లేదు. తాడెక్కేవాణ్ణి ఎంతవరకని ఎగదోస్తాం అంటారు గాని, మేష్టారు జారేవాణ్ణి కూడా వదల్లేదు. ఒక్క ఉరుకున వచ్చి బండి ముందు భాగం పట్టుకున్నారు. అది ఆయన్ని కూడా కలుపుకుని, మెట్లన్నీ లెక్కపెట్టుకుంటూ దిగి, అడుగున ఉన్న వెదురు పొదలో దూరింది. ఆయనా నేనూ పక్కపక్కనే పడ్డాం. మోకాళ్ళు గీసుకుపోయాయే తప్ప ఇద్దరికీ ఏమీ కాలేదు. నా చేతులు మాత్రం ఇంకా జోడించే ఉన్నాయని సునీత తరవాత చెప్పింది.

మొదలుపెట్టిన పలకరింపు సగంలో వదలకూడదు కదా.

"మీరు బాగున్నారాండీ?" అన్నాను.

మేష్టారు టోపీ దులుపుకున్నారు. "ఇందాకటిదాకా బాగానే ఉన్నానండి."

 సునీత ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది గాని నా వంక చూడలేదు. కాకినాడ వాళ్ళు వాళ్ళింట్లో కూర్చుని పకోడీలు తింటున్నట్టు నాకు కళ్ళకి కట్టింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడుపొచ్చింది.

"నిజం చెప్పండి బాబూ. రాళ్ళెప్పుడైనా ఎక్కేరా?"

నోటిదాకా వచ్చిన 'ఆయ్'ని టీతో పాటు మింగేశాను. "లేదండి. కొబ్బరి డొక్కలు ఎక్కేనండి."

"మరి వంపు దాకా బాగానే వచ్చేరుగా, ఎందుకాగేరు? అమ్మాయి చెప్పలేదా?"

"చెప్పేరండి. మీరెదురుగా ఉంటే పలకరించకుండా ఎలా పోతానండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. మీసాలు అదిరాయి. అటుపైన నవ్వడం మొదలుపెట్టారు. గీసుకుపోయిన మోకాలు పట్టుకుని, అబ్బా అబ్బా అని మూలుగుతూనే నవ్వారు. సునీత కూడా నవ్వింది, అప్పుడు నా వంక చూసింది. కొండ దిగి సిగ్నలు అందగానే ఆయన మా అమ్మకి ఫోన్ కలిపి, మాకు కూడా వినపడేలా స్పీకరు పెట్టారు.

"అమ్మా, మీ అబ్బాయికి ప్రాణం కన్నా మర్యాద ఎక్కువండి. ఇలాంటి చోటికి పిల్లని నిశ్చింతగా పంపొచ్చు. ఒక్కటే షరతండి. బండి మాత్రం మా అమ్మాయే నడుపుతుంది."

అమ్మ నా తరఫున బేరమాడుతుందని ఆశగా ఫోన్ వంక చూశాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆయ్, తాళాలు ఇప్పుడే ఇచ్చెయ్యమనండి," అంది.

ఇచ్చేశాను. ఆ రోజు కొత్తపేట దాకా సునీత వెనకాలే కూర్చుని వచ్చాను, ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నాను, చల్లగా ఉంది. కనక మీ అందరి సాక్షిగా, చెయ్యి గుండె మీద వేసుకుని ప్రమాణం చేస్తున్నాను. ఎదురొచ్చింది కలెక్టరుగారైనా, పాస్టరుగారైనా, స్వయంగా మా మామగారే అయినా, బండి నడుపుతూ ఇక ఎవరికీ వందనం చెయ్యను. వెనక సీట్లోంచి మాత్రం అమలాపురం సెంటర్లో ఒక్కరినీ వదలను. అక్కడ రెండు చేతులూ ఖాళీయే.