అవార్డు వచ్చిన ఇల్లు

ఐర్లండులోని కిల్కెన్నీలో మేము కొన్న ఇల్లు చాలా పాతది. ముందువైపు ఒక చెక్కముక్క మార్చాలన్నా నగర కౌన్సిల్ అనుమతి ఉండాల్సిందే. కొనేటప్పుడే లాయరు ఆ సంగతి చెప్పాడు. రాతిగోడలూ, పైకి జరిపే చెక్క కిటికీలూ చూసి మురిసిపోతున్న మా చెవికి అది ఎక్కలేదు.

మొదటి చలికాలానికే ఎక్కింది. నేను హాస్పిటల్లో నర్సుని. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక కూడా కోటు విప్పబుద్ధయ్యేది కాదు. కిటికీ సందుల్లోంచి గాలి కొట్టేది. గోడలు చెమ్మెక్కి, అల్మరాలో మడతపెట్టిన చీరలన్నీ బూజు వాసనేసేవి. ఆ కిటికీలు పీకేసి కొత్తవి పెట్టుకోవడానికి వీల్లేదు. అమ్ముదామంటే, చూడ్డానికి వచ్చినవాళ్లు గోడ మీద చెయ్యి వేసి, "గ్రాండ్, గ్రాండ్" అని నవ్వి వెళ్లిపోయేవాళ్లు. ఆదివారం ప్రార్థన అయ్యాక మిగతా తెలుగువాళ్ల కొత్త ఇళ్లకి వెళ్తే, అక్కడి వెచ్చదనానికి పిల్లలు ఒట్టికాళ్లతో తిరుగుతుండేవాళ్లు. నాకు ఇంటికి రావాలనిపించేది కాదు.

మావారు మందుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ ఆయనకి కిటికీలు పైకి జరిపే తాళ్లు మార్చడం, అద్దాలకి పుట్టీ పెట్టడం, సున్నం కలపడం నేర్పింది. శనివారం వస్తే ఇద్దరూ నిచ్చెన దగ్గరే. ఆయన సంతోషంగా ఉన్నారు. ఒక్కో కిటికీ బాగుపడేకొద్దీ నాకు మాత్రం ఇక ఇక్కడే ఉండిపోతామన్న భయం పెరిగేది.

పాత ఇళ్లను కాపాడుతున్నవాళ్లకి నగరం ఇచ్చే అవార్డుకి ఆ పక్కింటావిడ మా ఇంటిని సూచించింది. మాకు ముందు చెప్పనైనా లేదు.

ఇల్లు చూడ్డానికి కౌన్సిల్ వాళ్లు వచ్చే రోజున మావారు ఫ్యాక్టరీకీ, మా అమ్మాయి స్కూలుకీ వెళ్లారు, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. చీర మార్చుకుందామని మేడ మీద గదిలోకి వెళ్తే గాలికి తలుపు పడింది. వానకి ఉబ్బిన తలుపు. ఎంత లాగినా రాలేదు, పిడి ఊడి చేతికొచ్చింది. ఫోన్ కింద ఉంది. రెండు చేతులతో తలుపు బాదాను. ఇంతలో బెల్ మోగింది. కిటికీ పైకి జరిపి తొంగి చూశాను. కింద పక్కింటావిడ, పక్కన కౌన్సిల్ నుంచి వచ్చిన ఇద్దరు.

"తలుపు పట్టేసింది. బయటికి రాలేకపోతున్నాను," అన్నాను.

వాళ్లలో పెద్దాయన తల పైకెత్తి, "ఆ కిటికీ ఎంత హాయిగా లేచిందో చూశారా?" అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు, "అద్దం పాతదేనా అండీ?"

"పాతదే. తలుపు కూడా పాతదే," అన్నాను.

పక్కింటావిడ దగ్గర మా తాళంచెవి ఉంది. పైకొచ్చి, ఆయనా ఆవిడా కలిసి తలుపు నెట్టారు. నా మొహం చూసి ఆవిడ, "అయిపోయిందిలే అమ్మాయ్, బయటపడ్డావు," అంది. నాకు ఏడుపాగలేదు.

అవార్డు మాకే వచ్చింది. అవార్డు ఇచ్చే రోజు హాల్లో మేయర్ మాట్లాడుతూ, మీలాంటివాళ్లు తరతరాలు ఇక్కడే ఉండాలన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మావారి కళ్లు చెమర్చాయి. ఫోటోలో నేను నవ్వాను. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "మామ్, ఆర్ యు ఓకే?" అంది.

నడిచి ఇంటికొస్తుంటే, పిల్ల కాస్త ముందుకెళ్లాక ఆయనతో అన్నాను. "నాకు ఆ ఇంట్లో ఊపిరాడటం లేదండీ."

ఆయన ఆగిపోయారు. "ఇవాళే చెప్పాలా?"

"ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను."

ఆయన మళ్లీ నడక మొదలుపెట్టారు. మా వీధి మలుపు దగ్గర మెల్లగా అన్నారు. "నాకు తెలుసు. తెలిసే కిటికీల పని పెట్టుకున్నాను. చలి తగ్గితే నువ్వు వెళ్దామనవని."

మళ్లీ అమ్మకానికి పెట్టాం. అవార్డు బిళ్ల గోడకెక్కాక మెచ్చుకునేవాళ్లు పెరిగారు గానీ కొనేవాళ్లు రాలేదు. దారిన పోయేవాళ్లు ఆగి ఫోటోలు తీస్తారు. వంటింటి కిటికీ దగ్గర గిన్నెలు కడుగుతూ నేను కూడా ఎన్ని ఫోటోల్లో పడ్డానో.

పోయినవారం ఒక జంట వచ్చింది. ఆ అమ్మాయి కిటికీ చట్రం నిమిరి, "లోపల వెచ్చగా ఉంటుందా?" అని నన్నే అడిగింది.

మావారు నా వైపు చూశారు.

"ఉండదమ్మా," అన్నాను.

ఆలోచించుకుని చెప్తామన్నారు. ఇంకా ఫోన్ రాలేదు.