అరాన్సా మేడం

వసుంధర గారు కన్నుమూశారన్న దుర్వార్తను నాకు బంధువులు చెప్పలేదు, సహోద్యోగులు చెప్పలేదు. తిరుపతిలో మా శిక్షణ కేంద్రం గేటు ముందు పండ్ల బండి పెట్టుకునే మునెమ్మ చెప్పింది. "మీ అరాన్సా మేడం పోయినారంట గదమ్మా! నిన్న గూడా ఈడనే నిలబడుకోని సీతాఫలాలు ఏరిందే తల్లీ!" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ దుఃఖంలోనూ పాడు మనసు ఊరుకుందా? రోజూ నేనూ ఇదే బండి దాటుకుని వెళ్తాను కదా, నా పేరు ఈమెకు తెలుసా అనుకుంది.

ఇటలీ ఆసుపత్రుల్లో ఉద్యోగాలకు వెళ్లే నర్సులకు ఇటాలియన్ నేర్పడం మా ఇద్దరి వృత్తి. ఒకే గురువు దగ్గర, ఒకే బెంచీ మీద ఆ భాషను అభ్యసించాం. ఉచ్చారణలో నేనే ప్రథమురాలిని. ఈ మాట ఇప్పుడైనా చెప్పుకోనివ్వండి.

మా తొలి పాఠం పండ్ల పేర్లు. నేను తెర మీద బొమ్మలు చూపి ఆపిల్‌ను 'మేలా' అనీ, ద్రాక్షను 'ఊవా' అనీ పలికించేదాన్ని. ఆమె బుట్టెడు పండ్లు మోసుకొచ్చి బల్ల మీద పోసేవారు. "పేరు సెప్పినోళ్లకే పండు. అననాస్ అంటే యాడిదో అనుకోబాకండి, మన అనాసే! ఆడికి పొయ్యి రవ్వంత సాగింది, అంతే" అనేవారు. గోడ అవతల నవ్వులు, కోసిన అనాస వాసన. గోడ ఇవతల నా విద్యార్థినులు నోరూరుతూ ఆ గోడకేసే చూసేవాళ్లు. నా కడుపు మండిపోయేది.

ఆమెది చిత్తూరు. ఆ నాలుకకు చకారం పలకదు, సకారమైపోతుంది. నారింజను ఇటాలియన్‌లో 'అరాంచా' అనాలి. ఆమె 'అరాన్సా' అనేవారు, తరగతంతా 'అరాన్సా' అనేది. మునెమ్మ బండి దాకా పాకింది ఆ మాట. ఒకనాడు పట్టలేక, "అక్కా, అది సా కాదు, చా" అన్నాను. ఆమె అమాయకంగా కళ్లు విప్పార్చి, "నేనూ సా అనే కదమ్మే అంటా ఉండేది!" అన్నారు.

ఇటలీ నుంచి ఒక ఆసుపత్రి అధికారిణి తెర మీదకు వచ్చి మా విద్యార్థినులను పరీక్షించిన రోజు నాకు మరపురానిది. ఎవరి తరగతి మెప్పు పొందితే వారే ప్రధానోపాధ్యాయిని అని నిర్వాహకులు ముందే చెప్పారు. ఆ పదవి కోసం ఎంత తపించానో నాకే తెలుసు. నారింజ బొమ్మకు నా విద్యార్థిని నిర్దుష్టంగా 'అరాంచా' అంది. అధికారిణి తలూపి ఊరుకుంది. వసుంధర గారి విద్యార్థిని గొంతెత్తి 'అరాన్సా' అంది. అయిపోయింది, ఇవాళ తేలిపోయింది అని లోలోపల పొంగిపోయాను. అధికారిణి ముఖం ఒక్కసారిగా వికసించింది. వెనిస్ దగ్గరి తన పల్లెలో అవ్వ నారింజను 'నరాన్సా' అనేదట! ఆ మాట విని ఎన్నాళ్లయిందో అంటూ కళ్లు తుడుచుకుంది. తప్పు కూడా కలిసొచ్చే జాతకం! పదవి ఆమెకే దక్కింది.

ఆ సాయంత్రం నారింజ ఒలుచుకుంటూ నా దగ్గరికొచ్చి, సగం తొనలు నా చేతిలో పెట్టారు. "తినుమ్మే. నీ పలుకు నాకు జన్మలో రాదు. రేపట్నుండి నా పిల్లోళ్లకీ పలికేది నువ్వే నేర్పు" అన్నారు. చూశారా, కనీసం ద్వేషించుకునే వీలైనా ఇవ్వలేదు ఆ మహాతల్లి. తొనలు తియ్యగా ఉన్నాయి. అదీ కోపమే నాకు.

ఇప్పుడు ఆమె తరగతి, ఆమె పదవి నావే. మొన్న నారింజ చూపి పేరడిగితే, నేను 'అరాంచా' నేర్పినవాళ్లే అందరూ 'అరాన్సా' అని ఒక్కసారిగా ఏడ్చారు. దిద్దవలసినదాన్ని, నోరు రాలేదు. నేను నేర్పిన ప్రతి పలుకూ ఇటలీ వారిదే. ఆమె తప్పు మాత్రం అచ్చంగా ఆమెది. ఎన్ని ఆసుపత్రుల్లో, ఎందరి నోళ్లలో అది బతికి ఉంటుందో! అక్కా, మీ కుర్చీలో కూర్చున్నాను గానీ మీ లోటు పూడ్చడం నా తరం కాదు. అసూయతోనే చేతులు జోడిస్తున్నాను, స్వీకరించండి.

తరగతి ముగిశాక, ఎన్నడూ లేనిది, మునెమ్మ బండి దగ్గర ఆగి నారింజలు ఏరుకున్నాను. సంచిలో వేసి ఇస్తూ, "రేపు గూడా రా మేడం" అంది.

ఉత్త మేడం. ముందు ఏ పండు పేరూ లేదు.