దిగుడులో ఆపిన ఇంజను

లారీ షెడ్డులో అందరూ అతన్ని న్యూట్రల్ అనేవారు. కొండ దిగేటప్పుడు ఇంజను ఆపేసి, గేరు తీసేసి, బండిని దాని బరువు మీదే జారనిచ్చేవాడు. అలా మిగిల్చిన డీజిలు అమ్ముకునే ఇల్లు నెట్టుకొచ్చేవాడు.

ప్రభుత్వం డీజిలు మీద పన్ను మళ్లీ పెంచింది. యజమాని డ్రైవర్లను పిలిచి లబోదిబోమన్నాడు. కిరాయి పెంచితే సరుకంతా పక్క షెడ్డుకు పోతుందట. అక్కడ న్యూట్రల్ నోరు ఊరుకోలేదు.

"తోలడం చేతనవ్వాలి గానీ సార్, మీరిచ్చే డీజిల్లో నాకెప్పుడూ ఓ క్యాను మిగులుద్ది."

మర్నాటినుంచి ప్రతి బండికీ ఓ క్యాను కోత పడింది.

"ఇదెక్కడి న్యాయం సార్?" అని డ్రైవర్లు మీదపడ్డారు.

"సర్కారు నా నెత్తిన వేసింది, నేను మీ నెత్తిన వేశాను. ఎలా తోలాలో మీ న్యూట్రల్‌నే అడగండి."

అందరూ అతన్ని బండబూతులు తిట్టారు. కొత్తగా స్టీరింగు పట్టిన బావమరిది మాత్రం వెంటపడ్డాడు.

"నాకూ నేర్పు బావా. తక్కువపడితే నా జేబులోంచి పొయ్యాలి."

ఖాళీ బండిలో నేర్పాడు. లారీ చప్పుడు లేకుండా జారుతుంటే బావమరిది ఈల వేశాడు.

"నువ్వు డ్రైవరువా బావా? పైలట్‌వి!"

న్యూట్రల్ ఉబ్బిపోయాడు. ఇంజను ఆగితే బ్రేకులకు గాలి ఎక్కదనీ, లోడుతో నాలుగుసార్లు తొక్కితే పెడలు ఉత్తిదైపోతుందనీ చెప్పాల్సింది. ఇంత పొగడ్త మధ్య ఆ భయం మాటెందుకు, రేపు చెప్దాంలే అనుకున్నాడు.

తెల్లారేసరికి బావమరిది ఉల్లిపాయల లోడుతో వెళ్లిపోయాడు.

కబురు అంది న్యూట్రల్ కొండ మలుపు చేరేసరికి, లారీ బండరాతికి గుద్దుకుని పక్కకు ఒరిగి ఉంది. నుజ్జయిన క్యాబిన్‌లోంచి బావమరిది చెయ్యి వేలాడుతోంది. రోడ్డునిండా ఉల్లిపాయలు, జనం. ఆ చేతికింద కూర్చుని ఒకావిడ సంచి నింపుకుంటోంది.

"చూస్తావేంటన్నా, ఏరుకో! డీజిలు పెరిగాక వీటి మొహం చూసి ఎన్నాళ్లయింది!"

జేబులో ఫోను మోగింది. యజమాని.

"పోయినోణ్ణి తేలేం గదయ్యా. నీ ఉద్యోగం ఉండాలంటే ముందు డీజిలెంత మిగిలిందో చూడు. జనం తోడుకుపోతారు."

 న్యూట్రల్ పైకి తేలిన ట్యాంకు మూత తిప్పి, పుల్ల ముంచి తీశాడు.

పుల్ల చాలామటుకు తడిసింది. బావమరిది బాగానే నేర్చుకున్నాడు.